శిలాఫలకం మీది అంకెకు పేర్లు వెతుకుతూ: మాధవరం నుంచి ఢిల్లీ దాకా ఎనిమిది రోజులు

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో సిపాయిలు ఎక్కువగా వెళ్లిన ఊళ్లలో చిన్న చిన్న శిలాఫలకాలు పెట్టించింది. వాటిమీద వాక్యం ఇంచుమించు ఒక్కటే: ఈ గ్రామం నుంచి ఇంతమంది 1914–1919 మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలు అర్పించారు. అంకె ఉంటుంది, పేర్లు ఉండవు. పేర్లున్న స్మారకాలు ఆ తర్వాత ఊరివాళ్లు, మాజీ సైనికులు కట్టుకున్నవి. వాటిలో పేరు ఉంటుంది గానీ రెజిమెంటు, నంబరు, చనిపోయిన చోటు తరచుగా ఉండవు. ఈ రెండు ఖాళీలనూ పూరించడానికి ఎనిమిది రోజుల దారి ఇది.

బయలుదేరే చోటు పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం. ఇంటింటా సైనికుడున్న ఊరు కాబట్టి దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యికి పైగా వెళ్లారన్నది ఊళ్లో చెప్పుకునే లెక్క. ఈ పద్ధతి వేరే ఏ ఊరికైనా పనికొస్తుంది. బెంగళూరు, చెన్నై మజిలీలు మాత్రం ఆ ఊరివాళ్లు చేరిన రెజిమెంటును బట్టి మారతాయి.

బయలుదేరే ముందు

కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో మృతుల జాబితా ఉచితంగా దొరుకుతుంది. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవాళ్లు అందులోకి వస్తారు. ఈ తేదీలు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోవాలి. 1919లో వజీరిస్తాన్‌లో పోయినవాడు, ఇన్‌ఫ్లుయెంజాతో పటాలంలోనే కన్నుమూసినవాడు, 1946లో ఆస్పత్రిలో పోయినవాడు, అందరూ లెక్కలోకి వస్తారు. "యుద్ధం అప్పటికే అయిపోయిందిగా" అని ఇంట్లోవాళ్లు పక్కన పెట్టేసే పేర్లు ఇవే.

వెతికేటప్పుడు పేరు గడి ఖాళీగా వదిలేయాలి. సేవ చేసిన సైన్యం దగ్గర భారత సైన్యం ఎంచుకుని, అదనపు సమాచారం అనే గడిలో ఊరి పేరు, తాలూకా పేరు, జిల్లా పేరు ఒక్కొక్కటిగా వేయాలి. ఫలితాలను పట్టికగా దించుకుని తండ్రి పేరు, ఊరు వరుసలు చూసుకుంటూ పోవాలి. మొదటి యుద్ధపు నమోదుల్లో చాలావాటికి ఆ అదనపు సమాచారం అసలు ఉండదు. అందుకని ఫలితం రాలేదంటే మనిషి లేడని అర్థం చేసుకోకూడదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది జిల్లా పేరు దగ్గరే. 1904లో గుంటూరు జిల్లా విడిపోయినప్పుడు ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వైపు ప్రాంతం గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాలోకి పోయింది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. అంటే మొదటి యుద్ధంలో చనిపోయిన మాధవరం మనిషిని గోదావరి కింద కాకుండా కృష్ణా కింద, అదీ ఆనాటి ఇంగ్లిషు స్పెల్లింగు 'కిస్ట్నా' కింద వెతకాలి. అతని కొడుకు రెండో యుద్ధంలో పోయి ఉంటే వెస్ట్ గోదావరి కింద చూడాలి. శ్రీకాకుళం వాళ్లకూ ఇదే చిక్కు: మొదటి యుద్ధంలో శ్రీకాకుళం, టెక్కలి వైపు గంజాం జిల్లా, ఊరి పేరు చికాకోల్. 1936లో ఒరిస్సా వేరయ్యాక అదే ప్రాంతం విశాఖపట్నం జిల్లా. ఒంగోలు 1904 దాకా నెల్లూరులో, తర్వాత గుంటూరులో ఉండేది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో, కాబట్టి అంతకుముందు చేరినవాడి పత్రంలో ఉత్తర ఆర్కాటు అని ఉండొచ్చు. కాకినాడకు కోకనాడ, విజయవాడకు బెజవాడ, కడపకు కుడ్డపా అనే రూపాలూ ప్రయత్నించాలి.

తెలంగాణవాళ్లకు చిక్కు వేరే రకం. జాబితాలో హైదరాబాద్ అని కనిపిస్తే అది సింధ్ హైదరాబాద్ కూడా కావచ్చు. 19వ హైదరాబాద్ రెజిమెంటు అన్న పేరు చూసి మనవాళ్లే అనుకోకూడదు. అందులో ఎక్కువగా చేరింది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో అదే కుమావూన్ రెజిమెంటు అయింది. నిజాం సొంత సైన్యం దీనికి పూర్తిగా వేరు. 1941 డిసెంబరులో మలయాలోని కోట భారు విమానాశ్రయం దగ్గర ఉన్న 1వ హైదరాబాద్ పదాతి దళం ఆ నిజాం సైన్యానిది.

మొదటి రోజు, శనివారం: మాధవరం

తాడేపల్లిగూడెం విజయవాడ–విశాఖపట్నం ప్రధాన రైలుమార్గం మీద ఉంది. అక్కడి నుంచి ఊరికి ఆటోలో వెళ్లిపోవచ్చు. శనివారం ఎంచుకోవడానికి కారణం ఆ రోజూ మర్నాడూ జనం ఇళ్ల దగ్గర దొరకడం. ముందుగా సర్పంచినో మాజీ సైనికుల సంఘం పెద్దనో కలిసి వచ్చిన పని చెప్పాలి. అది చేయకుండా కెమెరా తీస్తే సాయంత్రానికి అన్ని తలుపులూ మూతపడతాయి.

రాతిని చదవడానికి మధ్యాహ్నం పనికిరాదు. నెత్తిన ఎండ ఉంటే చెక్కిన గీతల్లో నీడ పడదు, అరిగిన అక్షరం కనబడదు. ఉదయం ఏడు లోపు, సాయంత్రం ఐదు దాటాక, ఏటవాలు వెలుగులో ఫొటోలు తీయాలి. రాయి ఉత్తరానికి తిరిగి ఉంటే ఎండ ఏటవాలుగా పడే వేళ తక్కువ. అప్పుడు చీకటి పడ్డాక టార్చిని రాతికి ఆనించినట్టు పక్కనుంచి పట్టి, ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫొటో తీయాలి. ఎడమనుంచి చూస్తే 3లా ఉన్నది కుడినుంచి చూస్తే 8 అని తేలుతుంది. ప్రతి ఫొటోలో స్కేలు ఒకటి రాతి పక్కన ఉండాలి.

రాతిమీద సుద్ద రుద్దకూడదు, ముగ్గుపిండి చల్లకూడదు, నూనె పూయకూడదు. సుద్దా ముగ్గూ గీతల్లో ఇరుక్కుంటాయి. నూనె దుమ్ము పట్టి నల్లబడి రాతి పై పొరను పాడుచేస్తుంది. మెత్తటి కుంచె, మంచినీళ్లు చాలు. తడిపితే రాయి ముదురుతుంది, ఆ నాలుగైదు నిమిషాల్లో అక్షరాలు బాగా తేలతాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం జెండా పండుగల ముందు అక్షరాలకు కొత్త రంగు వేయించడం వల్ల జరుగుతుంది. రంగు వేసే మనిషి ఇంగ్లిషు చదవలేకపోతే అరిగిన అక్షరాన్ని తనకు తోచినట్టు పూర్తిచేస్తాడు. ఆ తప్పే తర్వాత పుస్తకాల్లోకీ ప్రసంగాల్లోకీ పోతుంది. అందుకే రంగును నమ్మకుండా, గీతను వేలితో తడిమి చదవాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు, తప్పు స్పెల్లింగుతో సహా ఎక్కించుకోవాలి. చదవలేని అక్షరానికి చుక్క పెట్టాలి. ఊహించింది పెన్సిలుతో పక్కన రాసుకోవాలి.

ఇలాంటి మిలిటరీ ఊళ్లలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మాధవరంలో పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకునే అలవాటు ఉంది. కాబట్టి ఎవరైనా "మా తాత సుబేదార్" అంటే అది హోదానో పేరో అడిగి నిర్ధారించుకోవాలి.

రెండో రోజు, ఆదివారం: ఇళ్లు

యాత్ర మొత్తంలో విలువైన రోజు ఇదే. దేశంలోని ఏ కార్యాలయంలోనూ లేని కాగితం ఊళ్లో ఏదో ఒక ట్రంకుపెట్టెలో ఉంటుంది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా నాలుగైదు ఇళ్లకు మించి పెట్టుకోకూడదు. హడావిడిగా వెళ్తే ఆ పెట్టె తెరవరు.

తేదీలు అడిగితే ఎవరూ చెప్పలేరు. "మామ్మగారూ, తాతగారు ఏ ఊరి పేరు ఎక్కువ చెప్పేవారండీ? రంగూనా, బస్రానా, సింగపూరా, ఇటలీనా?" అని అడిగితే మాట బయటికొస్తుంది. ఎడ్లబండి మీద స్టేషనుకు వెళ్లాడా, ఇంటికి మనియార్డరు వచ్చేదా, పింఛను ఏ ఊరు వెళ్లి తెచ్చుకునేవారు, ఎవరి పేరు మీద వచ్చేది, అన్నవి తర్వాతి ప్రశ్నలు. పింఛను ఎవరి పేరు మీద వచ్చిందో తెలిస్తే జాబితాలోని "ఫలానా ఆమె భర్త" అన్న ముక్కతో సరిపోల్చవచ్చు.

అడిగి చూడాల్సిన వస్తువులు: డిశ్చార్జి పుస్తకం, పింఛను పుస్తకం, పతకాలు, యూనిఫారంలో దిగిన ఫొటో, చావు కబురు తెచ్చిన ఉత్తరం, కంచు ఫలకం. ఆ కంచు ఫలకం 120 మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా ఉంటుంది. మొదటి యుద్ధంలో పోయినవాళ్ల కుటుంబాలకు పంపింది. దాని మీద పేరు ఉంటుంది, హోదా కావాలనే వేయలేదు. నంబరూ రెజిమెంటూ కూడా ఉండవు కాబట్టి అదొక్కటే ఉంటే మనిషి ఎవరో తేలదు.

పతకం విషయం వేరు. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచుల మీద నంబరు, హోదా, పేరు, దళం పెద్దక్షరాల్లో అచ్చొత్తి ఉంటాయి. 1914–15 స్టార్‌కైతే వెనకవైపు ఉంటాయి. అంచు చదవడానికి పతకాన్ని నల్లటి బట్ట మీద నిలబెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ ఎనిమిది ఫొటోలు తీయాలి. మొదటి ఫొటోలోని చివరి అక్షరం రెండో ఫొటోలో మొదట రావాలి. లేకపోతే తర్వాత కూర్చుకునేటప్పుడు నంబరులో ఒక అంకె జారిపోతుంది. బ్రిటిష్ వార్ మెడల్ మామూలుగా వెండిది. వెండి కావడం వల్లే ఎన్నో పతకాలు కరిగి కడియాలూ పట్టీలూ అయిపోయాయి. అదే పతకం కంచుదైతే ఆ మనిషి కూలీ దళం లాంటి పోరాటేతర దళంలో పనిచేసి ఉంటాడని బలమైన ఆనవాలు. కంచుది నకిలీ అనుకుని పక్కన పడేయకూడదు.

చూపించే ముందు మెరిపిద్దామని ఇంట్లోవాళ్లు చింతపండో బూడిదో తీసుకుంటారు. వద్దని బతిమాలాలి. అంచు అక్షరాల లోతు అసలే తక్కువ. పదిసార్లు చింతపండుతో తోమిన పతకం మీద నంబరు మిగలదు.

రెండో యుద్ధపు స్టార్లు ఆ మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో చెప్తాయి. ఆఫ్రికా స్టార్ 1940 జూన్ నుంచి 1943 మే లోపు ఉత్తరాఫ్రికా వైపు ఉన్నవారికి, ఇటలీ స్టార్ 1943 జూన్ తర్వాత అక్కడున్నవారికి, బర్మా స్టార్ 1941 డిసెంబరు తర్వాత బర్మా రంగంలో ఉన్నవారికి. స్టార్లేవీ లేకుండా ఇండియా సర్వీస్ మెడల్ ఒక్కటే ఉంటే సేవ మొత్తం దేశంలోనే జరిగి ఉండొచ్చు. ఇంట్లో చెప్పుకునే బర్మా కథకూ పతకానికీ పొంతన కుదరకపోతే వాళ్ల ముందు ఆ మాట అనకూడదు. పతకాలు అన్నదమ్ముల మధ్య పంచుకున్నవి కావచ్చు, రెండో పెట్టె పాలకొల్లులోనో రాజమండ్రిలోనో ఉండొచ్చు. రెండూ విడివిడిగా రాసుకుని ముందుకు పోవాలి.

ఏ వస్తువునూ "స్కాన్ చేసి పంపిస్తాం" అంటూ తీసుకెళ్లకూడదు. అక్కడే ఫొటో తీసి అక్కడే అప్పగించాలి.

సాయంత్రం కూర్చుని ఒక్కో మనిషికి ఒక్కో కాగితం చేయాలి. పైన ఇంటిపేరుతో సహా ఇంట్లో పిలిచే పేరు. కింద ఆ పేరును సైన్యం గుమస్తా ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాసి ఉండగలడో అన్ని రూపాలూ. అప్పలస్వామి ఒక చోట అప్పలసామి, ఇంకో చోట ఆపల్‌స్వామి అవుతాడు. ఇంటిపేరు చాలాసార్లు రాయలేదు, రాస్తే అదే అసలు పేరనుకుని ముందు పెట్టి మిగతాది వదిలేశారు. అందుకని ఇంటిపేరుతోనూ, అది లేకుండానూ, తండ్రి పేరుతోనూ, మూడు విధాల వెతకాలి.

మూడో రోజు, సోమవారం: భీమవరం, ఏలూరు

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పశ్చిమ గోదావరి కేంద్రం భీమవరం అయింది, ఏలూరు వేరే జిల్లా అయింది. పాత ఫైళ్లు ఏ ఊళ్లో ఉన్నాయో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ముందే ఫోన్ చేసి కనుక్కోకపోతే రోజు రోడ్డు మీదే గడిచిపోతుంది. అక్కడ దొరికేవి ప్రధానంగా 1947 తర్వాతి మాజీ సైనికుల, వితంతువుల నమోదులు. రెండో యుద్ధం నుంచి తిరిగొచ్చి పింఛను తీసుకున్నవాళ్లు కొందరు వీటిలో తగులుతారు. రెవెన్యూ కార్యాలయంలో మాజీ సైనికులకిచ్చిన భూముల పట్టా రిజిస్టర్లు అడగాలి. వాటిలో నంబరు, హోదా రాసే అలవాటుంది. దరఖాస్తు రెండు ప్రతులు, గుర్తింపు కార్డు నకలు, వారసుడి సంతకంతో ఒక ఉత్తరం వెంట ఉండాలి. వారసుడి ఉత్తరం లేకపోతే ఎవరి ఫైలూ చూపించరు, చూపించకపోవడమే న్యాయం.

రాత్రి రైలుకు చెన్నై.

నాలుగో రోజు, మంగళవారం: చెన్నై, ఎగ్మోర్

మద్రాసు రాష్ట్రం నాటి ప్రభుత్వ కాగితాలు ఎగ్మోర్‌లోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారికి పరిశోధక అనుమతికే సగం రోజు పడుతుంది, దరఖాస్తు ముందే పంపుకోవాలి.

ఇక్కడ పని జరిగే తీరు తెలియకపోతే రెండు రోజులైనా కట్ట చేతికి రాదు. "మాధవరం సిపాయిల ఫైలు" అని అడిగితే దొరకదు. కాగితాలన్నీ శాఖ, ప్రభుత్వ ఉత్తర్వు నంబరు, తేదీ ప్రకారం కట్టలు కట్టి ఉంటాయి. ముందు ఆయా సంవత్సరాల సూచికలు తెప్పించుకోవాలి. పబ్లిక్, రెవెన్యూ శాఖల సూచికల్లో సైనికుల చేరిక, యుద్ధ స్మారకాలు, భూమి మంజూరు, పింఛను అన్న శీర్షికల కింద జిల్లా పేరు చూడాలి. 1915 నుంచి 1922 దాకా ప్రతి ఏడాదీ చూడాలి, ఎందుకంటే 1916లో పోయిన మనిషి భార్య అర్జీ మీద ఉత్తర్వు 1920లో వెలువడి ఉండొచ్చు. సూచికలో నంబరు, తేదీ దొరికాకే కట్ట కోసం చీటీ రాయాలి. సూచిక నుంచి నంబరు దించుకునేటప్పుడు శాఖ పేరు మరిచిపోతే అదే నంబరుతో వేరే శాఖ కట్ట వస్తుంది. తరచుగా జరిగే పొరపాటు ఇదే.

చేరికల లెక్కలు తాలూకాల వారీగా ఉంటాయి, సిపాయిల పేర్లు అరుదు. అయినా లెక్క పనికొస్తుంది. తాలూకా మొత్తం చేరిక ఇంత అని తెలిస్తే ఊరి లెక్క ఎంతవరకు నమ్మవచ్చో తేలుతుంది.

ఐదో రోజు, బుధవారం: నందంబాక్కం

పూందమల్లి రోడ్డు మీద నందంబాక్కంలో మద్రాసు యుద్ధ శ్మశానవాటిక ఉంది. 1952లో ఏర్పాటైంది. 856 మంది రెండో యుద్ధపు సైనికుల సమాధులున్నాయి. వెనకవైపు ఉన్న మద్రాసు 1914–1918 స్మారకం మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి. అవి మొదటి యుద్ధకాలంలో మన దేశంలోనే చనిపోయి, ఇక కాపాడలేని పాత శ్మశానాల్లో పూడ్చినవాళ్లవి.

ఇక్కడికి రావాల్సిన అసలు కారణం స్మారకాలు ఎలా పనిచేస్తాయో కళ్లతో చూడడం. హిందూ సైనికులను దహనం చేశారు కాబట్టి వాళ్లలో ఎక్కువమందికి సమాధి లేదు. వాళ్ల పేరు ఏదో ఒక పలక మీద ఉండాలి. ఆ పలక ఏ దేశంలో ఉందన్నది ఎక్కడ చనిపోయాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫ్రాన్సులో పోతే న్యూవ్ షాపెల్. ఈజిప్టు, పాలస్తీనాలో పోతే హెలియోపోలిస్. మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) పోతే బస్రా. రెండో యుద్ధంలో మలయాలో పోతే సింగపూర్ క్రాంజి, బర్మాలో పోతే రంగూన్ దగ్గరి తౌక్యాన్, ఉత్తరాఫ్రికాలో పోతే అలమైన్, ఇటలీలో పోతే కాసినో లేదా సాంగ్రో నది దహన స్మారకం. మనదేశంలోనే ఉండి పోతే ఢిల్లీ.

బస్రా గురించి ఇంకొంచెం చెప్పాలి. 40 వేలకు పైగా మనుషుల స్మారకం అది. బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కారు. మన సిపాయిలను మాత్రం రెజిమెంటు పేరు కింద ఇంతమంది అని అంకెతో సరిపెట్టారు. మాధవరం లాంటి ఊరి ఫలకం మీదా అంకె, బస్రాలోనూ అంకె. ఒకే మనిషి రెండు చోట్లా పేరు లేకుండా ఉండిపోయాడు. ఇది మనసును గట్టిగా తాకే విషయం, తాకాలి కూడా. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే నియమించిన విచారణ కమిటీ ఒప్పుకున్న లెక్క ఇది: మొదటి యుద్ధంలో 45 వేల నుంచి 54 వేల మందికి, ప్రధానంగా భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లకు, సమానమైన స్మారకం దక్కలేదు. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరణే లేదు. అందుకే జాబితాలో కనబడని మనిషిని కొట్టేయకూడదు. సాక్ష్యం బలంగా ఉంటే ఆ సంఘానికి రాసి పేరు చేర్పించే దారి ఉంది. దానికి కావలసింది చనిపోయిన తేదీ, దళం, సేవలో ఉండగా పోయాడని చూపే సమకాలీన పత్రం. ఇంట్లో వినికిడి ఒక్కటే సరిపోదు.

మధ్యాహ్నం రైలుకు బెంగళూరు.

ఆరో రోజు, గురువారం: బెంగళూరు

తెలుగువాళ్లు మొదటి యుద్ధంలో ఎక్కువగా కనిపించే చోట్లు మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ (ఇంజనీరింగు దళం), 61, 64, 81 పయనీర్లు (దారులు వేసే దళాలు), కర్ణాటిక్ పదాతి దళాలు, కూలీ దళాలు. 61వ పయనీర్లు 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర దిగారు. 1922లో దళాల నంబర్లు మారాయి. మద్రాసు రెజిమెంటు 1928లో రద్దయి 1941లో మళ్లీ పుట్టింది. మద్రాసు పయనీర్లు 1933లో రద్దయ్యారు. కాబట్టి 1930లో పింఛను తీసుకున్న మనిషి పుస్తకంలో రాసిన దళం పేరు, 1916లో అతను యుద్ధం చేసిన దళం పేరు వేరుగా ఉంటాయి. ఇద్దరు మనుషులనుకుని విడదీసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

అలసూరులో శాపర్ల నేటి రూపమైన మద్రాసు ఇంజనీర్ గ్రూప్ కేంద్రం, దాని మ్యూజియం ఉన్నాయి. అది సైనిక ప్రాంతం, ముందస్తు అనుమతి లేకుండా గేటు దాటనివ్వరు. బ్రిగేడ్ రోడ్డు చివర ఉన్న స్మారకం మాత్రం ఎప్పుడైనా చూడొచ్చు.

తిరిగొచ్చినవాళ్ల గురించి రికార్డు ఆఫీసులకు రాయాలి. ఏ దళానికి ఏ ఊరో తెలిసి ఉండాలి: శాపర్లకు బెంగళూరు, మద్రాసు రెజిమెంటుకు వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, వైద్య దళానికి లక్నో, ఆయుధాలు సరఫరా చేసే ఆర్డ్నెన్స్ దళానికి, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ దళానికి మన సికింద్రాబాదే. ఉత్తరంలో నంబరు, హోదా, పేరు, దళం, చేరిన ఏడాది, వారసుడికి సంబంధం తప్పక ఉండాలి. నంబరు ఒక్కటే రాస్తే ప్రయోజనం లేదు. ఆనాటి నంబర్లు ఏ రెజిమెంటుకు ఆ రెజిమెంటు వేసుకున్నవి, ఒకే నంబరు పదిమందికి ఉంటుంది.

వచ్చే జవాబు చాలాసార్లు "పత్రాలు నాశనం చేయబడినవి" అనే. పింఛను లేనివారి సేవా పత్రాలను 25 ఏళ్ల తర్వాత తీసేసే నియమం ఉంది. అక్కడితో ఆగిపోకుండా లాంగ్ రోల్ అనే రిజిస్టరులో ఆ మనిషి వరుస ఉందేమో చూడమని రెండో ఉత్తరం రాయాలి. ఒక్క వరుసే అయినా చేరిన తేదీ, వెళ్లిపోయిన తేదీ, కారణం అందులో దొరకవచ్చు. ఈ ఒక్క మాట తెలియక ఎంతోమంది మొదటి జవాబు దగ్గరే ఆగిపోతున్నారు.

రాత్రి విమానానికి ఢిల్లీ.

ఏడో రోజు, శుక్రవారం: జాతీయ అభిలేఖాగారం

జనపథ్‌లోని అభిలేఖాగారానికి వెళ్లే ముందు దాని అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెతికి, ఆన్‌లైన్‌లో ఉన్నవి ఇంటి దగ్గరే దించుకోవాలి. ఢిల్లీ రోజును ఆన్‌లైన్‌లో లేని ఫైళ్లకే కేటాయించాలి. రెండో యుద్ధపు దళాల కాగితాల కోసం రక్షణ శాఖ చరిత్ర విభాగానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి వారాలు పడుతుంది.

దళాలు రోజువారీగా రాసుకున్న యుద్ధ దినచర్యల్లో సిపాయి పేరు కోసం వెతికితే నిరాశే. బ్రిటిష్ అధికారులను పేరుతో, మనవాళ్లను "ఇద్దరు సిపాయిలు హతం" అని రాశారు. వాటిని వాడే పద్ధతి వేరు. జాబితాలో చనిపోయిన తేదీ తీసుకుని, ఆ రోజు ఆ దళం ఎక్కడుంది, ఏం చేస్తోంది, ఆ రోజు నష్టం ఎంత అని చూడాలి. తేదీ, అంకె కుదిరితే అతని చివరి రోజు ఎలా గడిచిందో తెలిసినట్టే. కుదరకపోతే అతను ఆస్పత్రిలో జ్వరంతోనో కలరాతోనో పోయి ఉండొచ్చు. మెసొపొటేమియాలో రోగాలతో పోయినవాళ్లు చాలామంది. అప్పుడు దళం దినచర్య వదిలి ఆస్పత్రి ఉన్న ఊరి దినచర్య చూడాలి. ఫ్రాన్స్, మెసొపొటేమియా దినచర్యలు లండన్ దగ్గరి క్యూలో ఉన్న బ్రిటన్ జాతీయ అభిలేఖాగారం స్కాన్ చేసి పెట్టింది, వాటికోసం అక్కడిదాకా వెళ్లక్కర్లేదు.

ఎనిమిదో రోజు, శనివారం: ఇండియా గేట్, తీన్ మూర్తి

ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. మా తాత పేరు అక్కడుందని చెప్పే కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. అది మొదటి యుద్ధంలో, 1919 ఆఫ్ఘన్ యుద్ధంలో పోయినవాళ్లందరి జాతీయ స్మారకమే. పేర్లు చెక్కింది మాత్రం ప్రధానంగా వాయవ్య సరిహద్దు వైపు పోయినవారివి. బస్రాలో, ఫ్రాన్సులో పోయిన మనిషి పేరు దానిమీద వెతకడం వృథా. 42 మీటర్ల కట్టడం మీద పైవరుసలు కంటికి ఆనవు, జాబితాలోనే చూసుకోవాలి.

పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవారి పేర్లు త్యాగ చక్రంలో గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. మొదలైననాటికి వాటి సంఖ్య 25,942. ముందుగా పేరు, దళం, ఏడాది రాసుకుని వెళ్తే గోడ వెతుక్కోవడం తేలిక. కుటుంబానికి ఇచ్చే ఫొటోలో పలకతో పాటు చుట్టూ నాలుగు పలకలు రావాలి, రేపు ఎవరైనా వెళ్తే చోటు గుర్తుపట్టగలగాలి.

హైదరాబాద్‌వాళ్లు తీన్ మూర్తి చౌక్ తప్పక చూడాలి. 1922లో పెట్టిన ఆ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలవి. 1914లో ఈజిప్టు వెళ్లి, సూయజ్ నుంచి పాలస్తీనా దాకా ఉన్న నిజాం లాన్సర్ల మృతుల పేర్లు దానిమీద ఉన్నాయి. 2018లో ఆ కూడలికి ఆ యుద్ధరంగంలోని హైఫా ఊరి పేరు చేర్చారు. ఆ పేర్ల వెనక కుటుంబాలను వెతకాలంటే తార్నాకలోని అభిలేఖాగారంలో నిజాం ప్రభుత్వ పత్రాలు చూడాలి. ఉర్దూ, ఫారసీ చదివే మనిషిని తోడు తీసుకెళ్లాలి.

తిరిగి ఊరికి

ఒక్కో మనిషి కాగితం మీద ఇప్పుడు మూడు ఆధారాలు ఉండాలి: ఇంట్లో దొరికింది ఒకటి, ప్రభుత్వ లేదా సైనిక పత్రం ఒకటి, మృతుల జాబితా లేదా స్మారకం ఒకటి. తండ్రి పేరు, ఊరు, దళం, ఈ మూడింటిలో కనీసం రెండు ఆ ఆధారాలన్నిటిలో ఒకటే అయితే మనిషి ఖాయమైనట్టు. ఒక్క పేరే కలిస్తే "కావచ్చు" అని రాసి వదలాలి. ఒక ఊరి ఫలకం మీద ఆరు అంకె ఉండి, నాలుగు పేర్లే ఖాయమైతే ఊళ్లో పెట్టే కొత్త ఫలకం మీద నాలుగే చెక్కించాలి. మిగతా రెండు వరుసలకు చోటు వదలమని శిల్పికి ముందే కొలత ఇవ్వాలి.

చెక్కించే ముందు తెలుగు, ఇంగ్లిషు రెండు ప్రతులూ పూర్తి కొలతలో కాగితం మీద వేయించి, ఆయా కుటుంబాల్లోని పెద్దల చేత ఇంటిపేరు, తండ్రి పేరు చదివించి సంతకం తీసుకోవాలి. ఇంగ్లిషు వరుసలో సైన్యం రాసుకున్న స్పెల్లింగునే ఉంచాలి, ఎందుకంటే రేపు వెతికేవాడికి అదే దారి. తెలుగు వరుసలో మాత్రం ఆయన్ని ఇంట్లో ఏమని పిలిచేవారో ఆ పేరు ఉండాలి.